ఆళ్లగడ్డ లైను

నేను సంచిలో పెడుతున్నాను, వాడు తీస్తున్నాడు. రెండో దుప్పటి పెడితే తీసి మంచం మీద పడేశాడు. రాగిపిండి మూట పెడితే, “ఆళ్లగడ్డలో రాగులు దొరకవా అక్కా?” అని దాన్నీ తీశాడు. నంద్యాల కొలిమిలో మొన చేయించుకున్న ఉలులు గోనెపట్టాలో చుట్టి అడుగున పెట్టుకున్నాడు. వాటి మీద ఒక తువ్వాలు, రెండు చొక్కాలు, పంచె. అంతే, సంచి నిండిపోయిందన్నాడు.

“మందులు యాడ పెట్టినావ్?”

“పక్క జేబులో.”

“నాలుక కింద పెట్టుకునే మాత్ర?”

“అదీ ఆడనే. నీ ప్రాణం కూడా అండ్లోనే పెట్టుకోని పోతాండాలే, భయపడాకు.”

వాడు నా తమ్ముడు సుబ్బన్న. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. మా పుట్టింటి పనే అది. నేను బడికి పోలేదు. విగ్రహాల పీఠాల మీద దాతల పేర్లు చెక్కుతుంటే నాయన పక్కన కూర్చుని చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ తర్వాత పొట్లం కట్టిన కాగితం కూడా వదలకుండా చదివాను. నాయన రాయి చూసి వస్తానని బేతంచెర్ల పోయి అక్కడే పోయాడు. మా ఆయన ఎద్దులు కొంటానని ఆత్మకూరు సంతకు పోయి అక్కడే పోయాడు. ఇంట్లో ఎవరు సంచి తీసినా నాకు ఆ పూట అన్నం దిగదు.

సుబ్బన్నకు ఆ ఏడు శ్రావణమాసంలో చెక్కుతూ చెక్కుతూ గుండెనొప్పి వచ్చింది. నంద్యాల తెచ్చి ఆసుపత్రిలో చేర్చాము. తర్వాత మా ఇంట్లోనే ఉంచుకున్నాను. భార్య పోయిన మనిషి, అక్కడ చూసేవాళ్లు లేరు. ఇక్కడే ఉండిపొమ్మని డాక్టరూ చెప్పాడు, నేనూ చెప్పాను. వాడు వింటేనా? సగం చెక్కిన రాయి అక్కడుందన్నాడు. మహర్నవమికి ఉలులు తన షెడ్డులో పూజకు పెట్టాలన్నాడు. చివరికి డాక్టరు ఒప్పుకున్నాడంటే అది ఆ లైను ఉండబట్టే.

ఆ లైను సంగతి చెప్పాలి. నంద్యాల గుండె డాక్టరు ఆళ్లగడ్డలో, గోస్పాడులో, ఆత్మకూరులో మూడు చిన్న క్లినిక్కులు పెట్టించాడు. అక్కడ డాక్టరు ఉండడు, కాంపౌండరు ఉంటాడు. నొప్పి అని వచ్చిన మనిషి ఛాతీకి తీగలు పెట్టి గుండె గీతలు తీస్తాడు. మేడ మీద ఇనుప స్తంభానికి ఒక గిన్నెలాంటిది కట్టి ఉంటుంది. ఆ గీతలు దాని గుండా గాలిలో ప్రయాణం చేసి నంద్యాలలో డాక్టరు కంప్యూటరు మీద పడతాయి. ఆయన చూసి, రక్తపు గడ్డ కరిగించే సూది వెయ్యాలో వద్దో ఫోనులో చెబుతాడు. ఆ సూది నొప్పి వచ్చిన కాసేపట్లో పడితే మనిషి బతుకుతాడు. గీతలు చూడకుండా వేస్తే, నొప్పి వేరేదైతే, ఆ సూదే మనిషిని తీసేస్తుంది.

నంద్యాలతో కలిపి నాలుగు చోట్లా గోడకు తగిలించిన రూటరు అనే డబ్బాలు ఉన్నాయి. అవి సరిగా నడుస్తున్నాయో లేదో చూసే ఉద్యోగం మా అమ్మాయి అనితది.

ఆ రోజు అనిత గడపలో నిలబడి మేనమామకు పరీక్ష పెట్టింది.

“మామా, నొప్పి వస్తే ఏం చేస్తావు?”

“చస్తా.”

“మామా!”

“అట్ల కాదులే కోడలా. మాత్ర నాలుక కింద పెట్టుకుంటా. ఆటో ఎక్కి కాంపౌండరు సంజీవయ్య దగ్గరికి పోతా. తీగలు పెట్టిచ్చుకుంటా. ఆ గీతలు నీ డబ్బాలో దూరి ఈడికొస్తాయి. డాక్టరు సూది చెప్తాడు. సరిపాయనా పంతులమ్మా?”

“బేగా పోవాల. కూర్చోని బీడీ తాగి పోదాంలే అనుకోవాకు.”

“బీడీ యాడిది? మీయమ్మ పొద్దునొకసారి, సందేళొకసారి నా నోరు వాసన చూస్తాంది.”

అనిత నవ్వి, ఒక మాట చెప్పింది. “మహర్నవమి నాడు మాత్రం నొప్పి తెచ్చుకోవాకు మామా. ఆ పొద్దు డబ్బాల పద్ధతి మారుస్తాండాం. మధ్యాహ్నానికంతా అయిపోతాది.”

“ఆ పొద్దు నాకు నొప్పేంది? ఉలి ముట్టను, సుత్తి ముట్టను. పనిముట్టుకే సెలవు ఆ పొద్దు.”

“మాకూ అదే కావాల. క్లినిక్కులకు సెలవని ఆ పొద్దే పెట్టుకున్నాం.”

బస్టాండుకు నేను పోలేదు. బస్సు వెనక అద్దం చూస్తూ నిలబడడం నాకు పడదు. వాకిట్లో నిలబడి, మలుపు తిరిగేదాకా వాడి సంచినే చూశాను.

మహర్నవమి పొద్దున అనిత చీకటితోనే లేచి ఆసుపత్రికి పోయింది. ఆసుపత్రి మేడ మీది గదిలో ఆమె పని. సెలవు కాబట్టి క్యాంటీను ఉండదని భక్ష్యాలు, చిత్రాన్నం క్యారియరులో పెట్టుకుని నేనూ పోయాను. అన్నం ఒక సాకు. ఆళ్లగడ్డ లైను మీద చెయ్యి పెట్టే రోజు నేను ఇంట్లో కూర్చోలేను.

“ఇంత బాగుండేదాన్ని ఎందుకు మార్చాల?” అని అడిగాను.

“బాగా యాడుందిమా? ఒక్కో గీత రావడానికి అన్నం ఉడికినంత సేపు పడుతాంది,” అంది. ఆ తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఇప్పటిదాకా డబ్బాలన్నీ బ్రిడ్జి మోడ్ అనే పద్ధతిలో ఉన్నాయట. తలుపులు లేని నాలుగు గదుల ఇల్లు లాంటిది అది. గోస్పాడులో దగ్గినా ఆత్మకూరుకు వినిపిస్తుంది. అక్కరకొచ్చే మాట ఆ రొదలో ఇరుక్కుంటుంది. రూటరు మోడ్‌కు మారిస్తే ప్రతి గదికీ తలుపు, తలుపు మీద పేరు. ఎవరికి రావలసింది వాళ్లకే వస్తుంది.

“మరి భయమేముంది?”

“ఒక కొస మారి ఇంకో కొస మారకపోతే ఒకదాని మాట ఒకదానికి వినపడదు. అందుకే దూరం ఊళ్లవి ముందు మార్చాల. నంద్యాలది ఆఖరున. ముందు మనదే మార్చుకుంటే దూరం వాటిని అందుకోలేం, బస్సెక్కి పోవాల్సిందే.”

ఇంకో జాగ్రత్త కూడా చెప్పింది. మార్చిన మార్పును వెంటనే డబ్బాలో భద్రం చేయరట. సాయంత్రం దాకా నడవనిచ్చి, నాలుగూ కుదురుకున్నాయని చూశాకే భద్రం చేస్తారు. అంతలో ఏదన్నా తేడా వస్తే, కరెంటు తీసి మళ్లీ పెడితే చాలు, డబ్బా కొత్తది మరిచిపోయి పాత పద్ధతిలో లేస్తుంది. నాకు ఆ మాట బాగా అర్థమైంది. మా పుట్టింట్లో విగ్రహం అంతా చెక్కినా కళ్లు మాత్రం ఆఖరున గానీ తెరవరు. కళ్లు తెరిచేదాకా అది రాయే, దిద్దుకోవచ్చు. తెరిచాక ఉలి తగలకూడదు.

అనిత ఆత్మకూరుది మార్చింది. గోస్పాడుది మార్చింది. ఆళ్లగడ్డది మార్చింది. తెర మీద మూడు పేర్లూ ఎర్రబడ్డాయి. ఎరుపంటే మాట అందడం లేదని. నంద్యాలది మార్చింది. ఒకటొకటే పచ్చబడ్డాయి. చివరికి ఆళ్లగడ్డ. సంజీవయ్యకు ఫోనులో చెప్పి ఆయన గీతలే తీసి పంపమంది. చిటికె వేసినంతలో వచ్చాయి. డాక్టరు మేడ ఎక్కి చూసి, “ఇంత బేగా వస్తే ఇంగేం కావాల!” అని రెండు భక్ష్యాలు తిని, కింద తన ఇంటికి పోయాడు.

కాసేపటికి అనిత సెల్లు మోగింది. సుబ్బన్న.

“ఏం కోడలా, నీ పని అయిపాయనా?”

“అయిపోయింది మామా. నీ డబ్బా బంగారమట్ల ఉండాది.”

“అయిపాయ కదా? ఇంగేం ముట్టుకునేది లేదు కదా దాన్ని?”

“లేదు మామా, ఇంగ నువ్వు నిమ్మళంగా ఉండు. భక్ష్యాలు తిన్యావా?”

“నాకెవరు చేసిపెడతారు? మీయమ్మను అడుగు, నాకొక నాలుగు ఎత్తిపెట్టమని. వస్తా కదా తిరునాళ్లకు.”

అంతే మాట్లాడారు. సాయంత్రం భద్రం చేయాల్సింది ఇంకా ఉందని అనిత చెప్పలేదు. రాయి చెక్కే మనిషికి ఆ సంగతి ఎవరు చెబుతారు? చెప్పి ఉంటే, కళ్లు తెరవలేదని ఒక్క మాట అని ఉంటే, వాడికి అర్థమయ్యేది. నా తమ్ముడికి అర్థం కావాలంటే ఆ ఒక్క మాట సరిపోయేది.

మేము అన్నం తింటుండగా ఆళ్లగడ్డ ఎర్రబడింది.

అనిత చెయ్యి కడుక్కోలేదు. అట్లే వచ్చి కూర్చుంది. సంజీవయ్యకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పండగ రోజు, సెల్లు ఎక్కడో పెట్టి మరిచి ఉంటాడు.

“కరెంటు పోయిందేమో పాపా.”

“పోయినా బ్యాటరీలు ఉండాయిమా ఆడ. ఇది నేను చేసిందే. పొద్దున నేను మార్చిండేదాంట్లోనే ఏదో తప్పుండాది.”

ఇంకో రోజైతే ఆమె ముందు డబ్బాకు కరెంటు ఉందా అనే అడిగేది. నేను ఎన్నోసార్లు విన్నాను, ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట అదే. ఆ రోజు మాత్రం ఆమె తన చేతినే అనుమానించింది. పొద్దున తాను రాసిన ప్రతి వరుసా మళ్లీ చదివింది.

“సుబ్బన్నకు ఫోన్ చేసి, పోయి చూడమంటే?”

“గుండె మనిషిని ఎండలో క్లినిక్కు దాకా పరిగెత్తిస్తావా? నిమ్మళంగా ఉండమని ఇప్పుడే కదా చెప్పినా.”

అదీ నిజమే అనిపించింది.

నంద్యాల డబ్బాను పాత పద్ధతికి తిప్పి చూసింది. ఆళ్లగడ్డ డబ్బా ఎందుకో పాతదానికి పోయి ఉంటే పలకాలి. పలకలేదు. పైగా గోస్పాడు, ఆత్మకూరు కూడా ఎర్రబడ్డాయి. చాలాసేపు చూసింది. ఆ రెండు ఊళ్లలోనూ నొప్పి వచ్చే మనుషులు ఉంటారు కదా. మళ్లీ కొత్త పద్ధతికే తిప్పింది. ఆ రెండూ పచ్చబడ్డాయి. ఆళ్లగడ్డ అట్లే ఉంది.

“నేనే పోతా ఆళ్లగడ్డకు,” అని లేచి, లాప్‌టాప్ సంచిలో పెట్టబోయింది. అప్పుడు మోగింది ఫోను. సంజీవయ్య. గదిలో నాకు కూడా వినపడేంత గట్టిగా మాట్లాడుతున్నాడు.

“మేడమ్, సుబ్బన్నకు నొప్పి వచ్చింది. ఒళ్లంతా చెమటలు. గీతలు తీసినా, పోవడంలేదు మేడమ్. డబ్బా పెట్టినా, లైట్లన్నీ వచ్చినాయి, అయినా పోవడంలేదు.”

“పెట్టినావా? పెట్టడమేంది? ఎవరు తీసినారు దాన్ని?”

సంజీవయ్య గొంతు తగ్గించాడు. “పూజకు పెట్టినాం మేడమ్.”

సుబ్బన్న మధ్యాహ్నం పసుపు కుంకుమలు, గుమ్మడికాయ పట్టుకుని క్లినిక్కుకు పోయాడట. నా షెడ్డులో పనిముట్లన్నింటికీ పూజ చేసినా, నా ప్రాణం కాసే పనిముట్టు ఈడుంటే దీనికి చెయ్యకుంటే ఎట్లప్పా అన్నాడట. పాప పని అయిపోయింది, నేను అడిగే వచ్చినా అన్నాడట. పూజకు పెట్టిన పనిముట్టు నడవకూడదు. ఇద్దరూ కలిసి తీగలు పీకి, డబ్బాను గోడ మీది నుంచి దించి, తుడిచి, బొట్లు పెట్టి, ఆకు మీద పెట్టి టెంకాయ కొట్టారు. మర్నాడు పొద్దున దాకా కదిలించకూడదని తలుపేసుకుని ఇళ్లకు పోయారు. నొప్పి వచ్చాక సంజీవయ్య పరుగున వచ్చి డబ్బాను గోడకు ఎక్కించి కరెంటు పెట్టాడు. అది పాత పద్ధతిలో లేచింది. నంద్యాలది కొత్త పద్ధతిలో ఉంది.

ఫోనులో వెనక నుంచి సుబ్బన్న గొంతు వినపడింది. “కోడలా, నేనే పెట్టమన్నా... వాన్ని తిట్టొద్దు...”

“మాట్లాడొద్దు మామా! పండుకో! అమ్మా, డాక్టరు!”

నేను ఆ వయసులో మెట్లు ఎట్లా దిగానో తెలియదు. డాక్టరు చేతికి సాంబారుతోనే వచ్చి ఫోన్ తీసుకున్నాడు. నొప్పి ఎక్కడ, ఎంతసేపు, గీత ఎట్లుంది అని సంజీవయ్యను అడిగాడు. గీత పైకి లేచినట్టే ఉంది సార్, లేవనట్టూ ఉంది, నాకు తెలీదు సార్ అన్నాడు సంజీవయ్య. ఆయనకు అది తెలిసేదైతే ఈ లైను ఎందుకు?

“చూడకుండా సూది చెప్పలేను,” అన్నాడు డాక్టరు. “లైను ఎంతసేపట్లో వస్తాది అనితా?”

“ఇప్పుడే సార్. మనదాన్ని పాతదానికి తిప్పుతాండా. లేచేదానికి కొంచెం పడుతాది.”

“వస్తాదా, కచ్చితంగా?”

అనిత చేతులు ఆడుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి ఆమె అనుకున్నదేదీ నిజం కాలేదు. “వస్తాదనే అనుకుంటాండా సార్,” అంది.

ఆ అనుకోవడం మీద డాక్టరు మనిషి ప్రాణం పెట్టదలుచుకోలేదు. నేనైనా పెట్టేదాన్ని కాదు. “జీపులో ఎక్కిచ్చుకోని బయలుదేరు సంజీవయ్యా. ఈడికి తీసుకురా,” అన్నాడు.

నంద్యాల డబ్బా ఆరిపోయి మళ్లీ వెలిగింది. అది లేచేదాకా ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాము. గోస్పాడు పోయింది. ఆత్మకూరు పోయింది. ఆళ్లగడ్డ పచ్చబడింది. సంజీవయ్య తీసిపెట్టిన గీతలు అక్కడి కంప్యూటరులో కాచుకుని ఉన్నాయేమో, వాటంతటవే వచ్చి తెర మీద పడ్డాయి. తమ్ముడి పేరు, వయసు, కింద గీతలు. డాక్టరు వంగి చూసి కళ్లజోడు తీశాడు.

“అదే,” అన్నాడు. “సూది ఆడనే వెయ్యాల్సింది.”

సంజీవయ్యకు ఫోన్ చేశాడు. తగల్లేదు. మళ్లీ చేశాడు. ఆ దారిలో గుట్టల మధ్య సెల్లులు పలకవు. క్లినిక్కుకు తాళం వేసి సంజీవయ్య కూడా జీపులోనే వస్తున్నాడు. సూది మందు ఆళ్లగడ్డలో ఉంది, గీతలు నంద్యాలలో ఉన్నాయి, తమ్ముడు దారిలో ఉన్నాడు. డాక్టరు కింద మంచం సిద్ధం చేయించడానికి పోయాడు. అనిత ఫోను చెవికి పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. నేను కుర్చీలో కూర్చుని కింది గేటు చప్పుడు కోసం విన్నాను.

ఫోను తగిలేసరికి జీపు శిరివెళ్ల మెట్ట దగ్గర ఉంది. డాక్టరు పైకొచ్చి అందుకుని, “యాడున్నారు? ఎట్లున్నాడు?” అన్నాడు.

“నిలబెట్టినాం సార్,” అన్నాడు సంజీవయ్య.

“నిలబెట్టడమేంది? రాండి, బేగా రాండి.”

“ఇంగ అక్కర్లేదు సార్.”

నన్ను ఇంటికి తీసుకుపోయే ముందు అనిత మళ్లీ ఆ కంప్యూటరు ముందు కూర్చుంది. పాతదానికి తిప్పడంతో గోస్పాడు, ఆత్మకూరు తెగిపోయి ఉన్నాయి. నంద్యాలను కొత్త పద్ధతికి తెచ్చింది. అవి పలికాయి. ఈసారి ఎదురు చూడలేదు, వెంటనే భద్రం చేసింది. ఆమె ఏడవలేదు. నేనే, “ఇంగ చాలు రా పాపా,” అన్నాను. “ఆ ఊళ్లకు ఎవరు చేస్తారుమా?” అంది.

జీపు శిరివెళ్ల నుంచే వెనక్కి తిరిగి ఆళ్లగడ్డకు పోయింది. మేము ఇంకో బండిలో అక్కడికి పోయాము. ఉలులు పూజలో ఉన్నాయని వాటిని ఎవరూ ముట్టలేదు. సగం చెక్కిన విగ్రహాన్ని వేరేవాళ్లు పూర్తి చేసి ఎవరికో ఇచ్చారు.

సంజీవయ్య పని మానేశాడు. ఆయనను ఎవరూ ఏమీ అనలేదు. అయినా మానేశాడు. డాక్టరు ఊరు మారాడు. ఏడాది తిరక్కముందే మేడల మీది స్తంభాలు దించేశారు. అనిత ఇంకో ఉద్యోగంలో ఉంది. ఏ డబ్బా మీద చెయ్యి పెట్టినా అక్కడి మనిషికి ముందు చెబుతుంది, నేను మళ్లీ ఫోన్ చేసి చెప్పేదాకా దీని తీగ పీకొద్దు, దీనికి పూజ చెయ్యొద్దు అని. అవతలివాళ్లు నవ్వుతారట. ఆమె నవ్వదు.

నా తమ్ముడు సుబ్బన్న రెండువేల ఏడో సంవత్సరం దసరాకు ముందు, ఒక గురువారం పొద్దున మా ఇంటి నుంచి వెళ్లాడు. తిరిగి రాలేదు.